ఆ దరువు ఎవరిది?

లష్కర్‌ బోనాల్లో డీజే బండి... న్యూయార్క్‌లో యాభై ఏళ్ల కిందటి ఓ చిన్న పార్టీ... రెండింటి కిటుకూ ఒకటే. పాత పాటలోంచి ఓ ముక్క కోసి కొత్త పాటకు అతికించడం! మరి ఆ ముక్క అసలు సొంతదారు మాటేమిటి?

ఆషాఢమాసం, ఆదివారం. సికింద్రాబాద్‌ ఉజ్జయినీ మహంకాళి గుడి చుట్టుపక్కల ఇసకేస్తే రాలనంత జనం. నెత్తిన బోనాలతో ఆడపడుచులు, ఒళ్లంతా పసుపు పూసుకుని కొరడా ఝళిపిస్తూ పోతరాజు, వాళ్ల ముందు డప్పులు. పొద్దుగూకి ఫలహారం బండ్లు కదిలే వేళకి వరస మారిపోయేది. బండి నిండా పేర్చిన స్పీకర్‌ బాక్సులు, వాటి మధ్య ల్యాప్‌టాప్‌ ముందు ఓ కుర్రాడు. నాన్నగారు కాలేజీ రోజుల్లో విన్న సినిమా పాట పల్లవి సగం వస్తుంది... ఠక్కున ఆగుతుంది... అదే ముక్క మళ్లీ వస్తుంది. దాని కింద తీన్మార్‌. మధ్యమధ్యలో ఓ గొంతు ఫలానా డీజే, ఫలానా గల్లీ అంటూ అరుస్తుంది. అరనిమిషానికోసారి ఆ పేరు చెవిన పడాల్సిందే. పాట పాడినవాళ్ల పేరు, బాణీ కట్టినవాళ్ల పేరు మాత్రం మచ్చుకైనా వినిపించదు!

2024 అక్టోబరు 1న హైదరాబాద్‌ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వాడకూడదని ఉత్తర్వులిచ్చారు. గుండెలదిరే ఆ చప్పుడు సంగతి అలా ఉంచితే, డీజే కుర్రాడు చేసిన పని లష్కర్‌కి కొత్తేం కాదు.

కలగూర గంప

లష్కర్‌ అంటేనే సైన్యం. నిజాం సికిందర్‌ జా పేరుమీద 1806లో వెలిసిన ఊరిది. ఇక్కడి అమ్మవారి కథ కూడా సైన్యంతోనే మొదలవుతుంది. పటాలంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో ఉండగా, ఇక్కడ కలరా చెలరేగిందని తెలిసింది. గండం గట్టెక్కితే మా ఊళ్లో నీకు గుడి కడతానని మొక్కుకున్నాడట. 1815లో తిరిగొచ్చి అమ్మవారిని ప్రతిష్ఠించాడు. అంటే లష్కర్‌ బోనాలకు మూలమే ఎక్కణ్నుంచో తెచ్చి ఇక్కడ నిలుపుకోవడం.

పాటా అంతే. దొరల కవాతు బ్యాండు ఇత్తడి బూరాలు పెళ్లి బ్యాండు మేళంలోకి వచ్చి ఘంటసాల పాటలు వాయించడం నేర్చుకున్నాయి. ఇంకోపక్క ఆఫ్రికా నుంచి, యెమెన్‌ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరినవాళ్లు తమ మర్ఫా దరువును వెంట తెచ్చారు. ఇప్పటి ఏసీ గార్డ్స్‌ పేరు ఆ ఆఫ్రికన్‌ కావల్రీ గార్డ్స్‌దే. మర్ఫా మెల్లగా హైదరాబాదీ పెళ్లిళ్లకెక్కింది, అక్కణ్నుంచి గల్లీ ఊరేగింపులకు పాకింది. ఇవాళ తీన్మార్‌ అంటూ మనం వేసే చిందుల్లో దాని పాలూ ఉంది. తర్వాత ఎలక్ట్రానిక్‌ ప్యాడ్లు వచ్చాయి. ముందే రికార్డు చేసిపెట్టిన డప్పు మోత పుల్లతో తడితే చాలు, పలుకుతుంది. ఆ డప్పు ఎవరు వాయించారంటే... వాయించినాయన తప్ప ఇంకెవరూ చెప్పలేరు.

అక్కా తమ్ముడూ కాదు, అన్నా చెల్లెలు

ఇప్పుడు న్యూయార్క్‌ వెళ్దాం. 1973 ఆగస్టు 11. బ్రాంక్స్‌ అనే పేదల పేటలో సెడ్జ్‌విక్‌ అవెన్యూ, 1520 నంబరు భవనం. సిండీ క్యాంప్‌బెల్‌ అనే అమ్మాయికి బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవాలని ఆశ. డబ్బుల కోసం టికెట్‌ పెట్టి పార్టీ ఏర్పాటు చేసింది. పాటలు వేసే పని అన్న క్లైవ్‌ది. లోకం అతణ్ని డీజే కూల్‌ హెర్క్‌ అంటుంది. జమైకా నుంచి వలసొచ్చిన కుటుంబం. అక్కడ వీధుల్లో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి జనాన్ని ఆడించడం మామూలే. మన ఊరేగింపు బండిలాగే అన్నమాట!

పాట మధ్యలో గొంతులు ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే చోట జనం ఎక్కువ ఊగుతున్నారని హెర్క్‌ కనిపెట్టాడు. అది కొన్ని సెకన్లే. సాగదీసేదెలా? ఒకే రికార్డు రెండు తెచ్చి రెండు ప్లేయర్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో ముక్క అయిపోగానే రెండోదాంట్లో అదే ముక్క. ఆ దరువు మీద ఒకడు మైకు పట్టుకుని మాటలు కలిపాడు. హిప్‌హాప్‌ పుట్టుక గురించి అందరూ చెప్పుకునే కథ ఇదే. రికార్డులతో చేసిన ఈ పనిని ఎనభైల్లో శాంప్లర్‌ అనే యంత్రం మీట నొక్కితే అయ్యేలా చేసింది. అదే శాంపిలింగ్‌.

కవర్‌ వెర్షన్‌, రీమిక్స్‌, శాంపిలింగ్‌... మూడూ ఒకటేనా? కాదు. పక్కింటి పిన్నిగారి గుత్తివంకాయ బాగుందని, ఎలా చేయాలో కనుక్కుని మనింట్లో వండుకుంటే కవర్‌ వెర్షన్‌. పిన్నిగారు పంపిన కూరకే కొత్త తాలింపు పెడితే రీమిక్స్‌. ఆవిడ గిన్నెలోంచి నాలుగు కాయలు తెచ్చి మన పులావులో కలిపేస్తే శాంపిలింగ్‌. మొదటిదానికి వంట చెప్పినావిడని, అంటే బాణీ, మాటలు రాసినవాళ్లని అడగాలి. చివరిదానికి గిన్నె ఎవరిదో వాళ్లనీ అడగాలి. పాటల లోకంలో గిన్నె రికార్డింగ్‌ కంపెనీది.

మొదట్లో ఎవరూ అడగలేదు. 1991లో న్యూయార్క్‌ కోర్టు ఆ ఆట కట్టించింది. గిల్బర్ట్‌ ఓ సలివన్‌ పాటలోంచి ముక్క తీసుకున్న ర్యాపర్‌ బిజ్‌ మార్కీ ఆల్బమ్‌ అమ్మకాలు ఆపేయించింది. ‘దొంగిలరాదు’ అన్న బైబిల్‌ ఆజ్ఞతోనే తీర్పు మొదలుపెట్టాడు జడ్జిగారు. బిజ్‌ మార్కీ మాత్రం తక్కువ తిన్నాడా? 1993లో తెచ్చిన తర్వాతి ఆల్బమ్‌కి ‘అన్ని ముక్కలకీ అనుమతి ఉంది’ అనే అర్థమొచ్చే పేరు పెట్టాడు.

అసలు నష్టపోయింది కోర్టుకెళ్లగలిగిన గిల్బర్ట్‌లు కాదు. 1969లో ‘ద విన్‌స్టన్స్‌’ బృందం ‘ఆమెన్‌ బ్రదర్‌’ అనే పాట చేసింది. మధ్యలో గ్రెగరీ కోల్‌మన్‌ ఆరు సెకన్లపాటు డ్రమ్స్‌ ఒక్కటే వాయిస్తాడు. ఆ ఆరు సెకన్లనూ కోసుకుని వేల పాటలు తయారయ్యాయి. హిప్‌హాప్‌ ర్యాపర్లు, ఇంగ్లండ్‌ డాన్స్‌ క్లబ్బులు, ప్రకటనలు... దాన్ని వాడనివాళ్లు లేరు. కోల్‌మన్‌ 2006లో నిలువ నీడలేని స్థితిలో చనిపోయాడు. ఆ ముక్క మీద ఆయనకు దక్కింది సున్నా. బృంద నాయకుడు రిచర్డ్‌ స్పెన్సర్‌కు 2015లో అభిమానులు చందాలేసి 24 వేల పౌండ్లు ఇచ్చారు. అది చందానే తప్ప రాయల్టీ కాదు.

ప్రేమికుడితో వచ్చింది

తెలుగిళ్లలో చాలామందికి ర్యాప్‌ ముందుగా చేరింది ఏ అమెరికన్‌ క్యాసెట్‌తోనో కాదు. 1994లో ‘ప్రేమికుడు’తో. రెహమాన్‌ బాణీలకి ప్రభుదేవా ఒంట్లో ఎముకల్లేనట్టు ఆడుతుంటే, పిల్లలు బడికెళ్లే దారిలో ఆ పదాలు గబగబా అప్పజెప్పేవాళ్లు. పెద్దవాళ్లు ‘ఇదేం పాట?’ అని విసుక్కుని, తర్వాత తామూ కూనిరాగం తీసేవాళ్లు. అందులోని ‘ఊర్వశి’ ఇరవై ఏళ్ల తర్వాత సముద్రాలు దాటింది. బ్లాక్‌ ఐడ్‌ పీస్‌ బృందంలోని విల్‌.ఐ.యామ్‌ 2014లో ఆ బాణీతోనే ‘ఇట్స్‌ మై బర్త్‌డే’ చేస్తే బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. పాట రాసినవాళ్ల జాబితాలో రెహమాన్‌ పేరుంది.

ఇలా పేరు వేయడం వెనకో గొడవ ఉంది. అది తెలియాలంటే 2002కి వెళ్లాలి. ట్రూత్‌ హర్ట్స్‌ అనే గాయని ‘అడిక్టివ్‌’ పాట అమెరికా మొదటి పదిలోకి ఎక్కింది. ర్యాప్‌ చరణం రాకిమ్‌ది. తెర వెనకున్న కంపెనీ హిప్‌హాప్‌ దిగ్గజం డాక్టర్‌ డ్రేది. పాట మొదలవగానే వినిపించేది మాత్రం... మన లతా మంగేష్కర్‌! 1981 హిందీ సినిమా ‘జ్యోతి’లో బప్పీ లహరి చేసిన పాటలోంచి ముక్క తీసి, పాట పొడుగునా తిప్పారు. నిర్మాత డీజే క్విక్‌ ఓ పొద్దున టీవీలో హిందీ పాట విని రికార్డు చేసుకున్నానని చెప్పుకొచ్చాడు. ఎవరి పాటో కనుక్కోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు మరి. హిందీవాళ్లు వస్తారా, అడుగుతారా అనుకున్నారేమో. వచ్చారు. 2003లో లాస్‌ ఏంజెలెస్‌ ఫెడరల్‌ కోర్టు బప్పీ లహరి పేరు వేస్తే తప్ప ఆ సీడీ అమ్మకూడదంది.

బప్పీ లహరి అంటే మనకి పరాయివాడా? ‘సింహాసనం’, ‘స్టేట్‌రౌడీ’, ‘గ్యాంగ్‌లీడర్‌’, ‘రౌడీ అల్లుడు’... తెలుగు మాస్‌ పాటకు డిస్కో పరుగు నేర్పినాయన. ఇందులో ఓ తిరకాసూ ఉంది. ‘డిస్కో డాన్సర్‌’లో ఆయన చేసిన ‘ఔవా ఔవా’ వింటే బ్రిటన్‌ బృందం బగుల్స్‌ పాట గుర్తుకు రాకమానదు. అప్పుడు బగుల్స్‌కి ముంబయి దూరం. ఇరవై ఏళ్ల తర్వాత లాస్‌ ఏంజెలెస్‌కి ముంబయి దగ్గరైపోయింది!

ఆ దెబ్బతో అక్కడివాళ్లు జాగ్రత్తపడ్డారో, మన పాటల రుచి తగిలిందో గానీ, తర్వాతి ఏళ్లలో వరస కట్టారు. బ్లాక్‌ ఐడ్‌ పీస్‌ 2005లో చేసిన ‘డోన్ట్‌ ఫంక్‌ విత్‌ మై హార్ట్‌’లో కల్యాణ్‌జీ ఆనంద్‌జీ పాటల ముక్కలు రెండున్నాయి. ఒకటి ‘అపరాధ్‌’ది, రెండోది ‘డాన్‌’ది. ఎన్టీఆర్‌ ‘యుగంధర్‌’గా మనం చూసిన కథే ఆ ‘డాన్‌’. ఆ పాటకు 2006లో ర్యాప్‌ విభాగంలో గ్రామీ అవార్డు వచ్చింది. 2007లో ఎం.ఐ.ఏ. ‘బాంబూ బంగా’లో ఇళయరాజా ‘దళపతి’ పాట తునక మోగింది.

పాప్‌ తారలకీ హిప్‌హాప్‌ వంటింటి కత్తిపీటే కావాల్సి వచ్చింది. ర్యాప్‌ చేయకపోయినా ముక్కలు కోసి అతికించే పద్ధతి పట్టుకున్నారు. అన్నింట్లోకీ తెలుగువాళ్ల మనసుకి దగ్గరది బ్రిట్నీ స్పియర్స్‌ ‘టాక్సిక్‌’. 2005లో దానికీ గ్రామీ దక్కింది. అందులో మెరుపులా కోసుకుపోయే వయొలిన్లు ‘ఏక్‌ దూజే కే లియే’లోని ‘తేరే మేరే బీచ్‌ మే’ పాటవి. విశాఖ సముద్రపు ఒడ్డున బాలచందర్‌ తీసిన ‘మరోచరిత్ర’ హిందీ రూపమే ఆ సినిమా. ఆ పాటతోనే బాలసుబ్రహ్మణ్యం జాతీయ అవార్డు అందుకున్నారు. బాలు గొంతు, లత గొంతు వదిలేసి, వెనక వాయించిన వయొలిన్లు మాత్రం తీసుకున్నారు. బాణీ లక్ష్మీకాంత్‌ ప్యారేలాల్‌ది. ఆ రోజు స్టూడియోలో కమాను పట్టుకుని కూర్చున్నవాళ్లెవరో బ్రిట్నీ వినేవాళ్లకే కాదు, మనకీ తెలియదు.

పేరు రాసినందువల్ల

అడిగి తీసుకుంటే ఎలా ఉంటుందో చెప్పడానికి మన తెలుగమ్మాయే ఉంది. కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో పుట్టిన శ్వేతా ఎల్లాప్రగడ రావు చిన్నప్పట్నుంచీ కూచిపూడి నేర్చుకుంది. ర్యాపర్‌గా ఆమె పేరు రాజకుమారి. జతుల నడకని ర్యాప్‌ నడకలో కలిపేస్తుంది. తను వేదికలెక్కకముందే పెద్ద పెద్ద తారలకు పాటలు రాసింది. ఇగీ అజేలియా పాడిన ‘ఛేంజ్‌ యువర్‌ లైఫ్‌’ రచనలో ఆమెకు భాగం ఉంది. ఆ పాట ఉన్న ఆల్బమ్‌ 2015 గ్రామీల్లో ర్యాప్‌ ఆల్బమ్‌ విభాగానికి నామినేట్‌ అయింది.

ఆమె చెయ్యిపడ్డ మరో పాట, ఫాలౌట్‌ బాయ్‌ బృందం 2014లో పాడిన ‘సెంచురీస్‌’. అందులోని గొంతు తిప్పు సుజాన్‌ వేగా పాడిన ‘టామ్స్‌ డైనర్‌’ది. రికార్డు కోయకుండా మళ్లీ పాడించారు, సుజాన్‌ పేరు రచయితల్లో వేశారు. నిజానికి ‘టామ్స్‌ డైనర్‌’ది విచిత్రమైన జాతకం. వాయిద్యాల్లేకుండా ఒట్టి గొంతుతో పాడిన పాట. 1990లో డీఎన్‌ఏ అనే ఇద్దరు ఇంగ్లిష్‌ కుర్రాళ్లు అడక్కుండా దానికి బీట్‌ వేసి వదిలారు. కంపెనీ కేసు వేయడానికి బదులు ఆ రీమిక్స్‌నే అధికారికంగా విడుదల చేస్తే పెద్ద హిట్టయింది. అన్నట్టు, మన ఫోన్లలోకి వేల పాటలు ఎక్కించిన ఎంపీ3ని జర్మన్‌ ఇంజినీర్లు సరిచూసుకున్నది కూడా ఆ గొంతుతోనే.

మన దగ్గర లెక్క వేరు

కవర్‌ వెర్షన్‌ మన చట్టానికి పాత చుట్టమే. 1957 కాపీరైట్‌ చట్టంలోని వెసులుబాటు పట్టుకునే ఎనభైల్లో గుల్షన్‌ కుమార్‌ టీ సిరీస్‌ పాత పాటల్ని కొత్త గొంతులతో పాడించి చవక క్యాసెట్లుగా ఊరూరా అమ్మింది. 2012 సవరణ దాన్ని బిగించింది. అసలు రికార్డు వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు ఆగాలి. ముందే నోటీసివ్వాలి. అమ్మినా అమ్మకపోయినా ఏడాదికి కనీసం 50 వేల కాపీలకు రాయల్టీ కట్టాలి. మాటలు, బాణీ ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. అదే సవరణతో, సినిమా హాలు బయట పాట వాడుకున్నప్పుడల్లా రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ రాయల్టీలో వాటా దక్కాలని తేల్చారు. రాజ్యసభలో జావేద్‌ అఖ్తర్‌ దీనికోసం గట్టిగా నిలబడ్డారు.

సినిమావాళ్ల రీమిక్సులకి ఈ తంటా తక్కువ. ‘యమగోల’ పాట 2007లో ‘యమదొంగ’కి వచ్చింది. తాతగారు ఆడిన పాటని మనవడు సొంతంగా పాడి మరీ ఆడాడు. ‘ఘరానా మొగుడు’ బంగారు కోడిపెట్టకి ‘మగధీర’లో కీరవాణే మళ్లీ దాణా వేశారు. బప్పీ లహరి ‘గ్యాంగ్‌లీడర్‌’ వాన 2012లో ‘రచ్చ’లో మళ్లీ కురిసింది. తండ్రి పాట కొడుక్కి ఆస్తిలా అందుతుందన్నమాట. అవి బాగున్నాయా అంటే... మొదటి పదిహేను సెకన్లకి థియేటర్‌ లేచి నిలబడుతుంది. తర్వాత చాలావాటిలో పాత పాటే మేలనిపిస్తుంది.

లష్కర్‌ డీజే మాటేమిటి మరి? ఇక్కడ చట్టం కాస్త చల్లగా చూసింది. మతపరమైన వేడుకలో పాట వాయిస్తే కాపీరైట్‌ ఉల్లంఘన కాదట. పెళ్లి ఊరేగింపు కూడా అందులోకే వస్తుందని ప్రత్యేకంగా రాశారు. కాబట్టి బరాత్‌లో బ్యాండు మేళానికి బెంగ లేదు. అదే రీమిక్స్‌ని ఇంటర్నెట్‌లో పెట్టి డబ్బు చేసుకుంటే మాత్రం ఆ నీడ ఉండదు.

పాడినవాళ్లకే ఈ చట్టం తగిలిన సందర్భమూ ఉంది. 2017లో అమెరికాలో కచేరీలు చేస్తున్న బాలుకి ఇళయరాజా తరఫున నోటీసొచ్చింది, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని. ఇద్దరూ కుర్రతనం నుంచీ స్నేహితులు. అభిమానులు రెండుగా చీలిపోయి వాదించుకున్నారు. బాలు మాత్రం చట్టం సంగతి తెలియదని, తెలిశాక పాటిస్తానని చెప్పి ఆ పర్యటనలో వేరేవాళ్ల పాటలు పాడారు. 2019లో ఇద్దరూ మళ్లీ ఒకే వేదికెక్కారు. ఇళయరాజాది కాఠిన్యం అన్నవాళ్లే ఎక్కువ. కోల్‌మన్‌ కథ తెలిస్తే అంత తేలిగ్గా అనలేం.

‘జానపదం’ అంటే ఎవరు?

ఇళయరాజాకి లాయరున్నాడు. బప్పీ లహరికి అమెరికా కోర్టు ఉంది. నాట్లేస్తూ పాడిన ఆవిడకి? మన ఆల్బమ్‌ల మీద చాలాకాలం ‘జానపదం’ అన్న ఒక్క మాటతో పని జరిగిపోయింది. 2021లో ‘లవ్‌స్టోరీ’లోని ‘సారంగదరియా’తో ఆ మాట మీద పెద్ద చర్చే నడిచింది. సుద్దాల అశోక్‌తేజ రచన, మంగ్లీ గొంతు, కోట్లలో వీక్షణలు. ఇంతలో ఓ జానపద గాయని ముందుకొచ్చి, ఆ పాటని పల్లెలోంచి తెచ్చి టీవీలో పాడింది తానే కదా అంది. పాట ఊరిదే, ఎవరి సొత్తూ కాదన్నది రెండోవైపు వాదన. ఊరిదైన పాటకి సొంతదారు లేకపోవచ్చు. అమ్మమ్మ దగ్గర విని గుర్తుపెట్టుకుని, మనదాకా మోసుకొచ్చినావిడ మాత్రం ఉంది. ఆవిడ పేరు ఓ మూల వేయడానికి చట్టం చెప్పేదాకా ఆగాలా?

గొంతునే పోతపోస్తే

ఇప్పుడు ముక్క కోయనక్కర్లేదు. పాత పాటలు వినిపిస్తే కృత్రిమ మేధ ఆ గొంతునే కొత్తగా తయారుచేసి, ఎప్పుడూ పాడని పాట పాడిస్తుంది. 2020 సెప్టెంబరు 25న వెళ్లిపోయిన బాలు గొంతు 2023లో ‘కీడా కోలా’ సినిమాలో ఇలాగే వినిపించింది. కుటుంబాన్ని అడగలేదంటూ కొడుకు చరణ్‌ 2024 జనవరిలో ఆ సినిమావాళ్లకు నోటీసు పంపారు. అదే నెలలో తమిళ సినిమా ‘లాల్‌ సలామ్‌’ కోసం రెహమాన్‌ ఇద్దరు దివంగత గాయకుల గొంతుల్ని ఇదే పద్ధతిలో తెచ్చారు. వాళ్ల కుటుంబాల అనుమతి తీసుకున్నానని, తగిన పారితోషికం పంపానని తనే ప్రకటించారు. ఆ ఇద్దరిలో ఒకరు షాహుల్‌ హమీద్‌. మూడు దశాబ్దాల కిందట తమిళ ‘ఊర్వశి’ పాడిన గొంతుల్లో ఆయనదీ ఒకటి.